రాతి దిబ్బల మీద ఏమీ లేదు

మే 6

ఒరేయ్ తమ్ముడూ,

నీకు ఉత్తరం రాసి నాలుగు నెలలైంది. తప్పు నాదే. నువ్వూ రాయలేదు కాబట్టి అందులో సగం నీ వాటా.

కబురేమిటంటే, పదకొండేళ్ళుగా మా వారపత్రికలో అచ్చుతప్పులు దిద్దుతూ మెడ వంచుకుని కూర్చున్న మీ అక్క, పోయిన వారం నుంచి "సముద్రం సంగతి" రాస్తోంది. ఇన్నాళ్ళూ అది రాసిన ముసలాయన్ని మేమంతా గాలిమర తాత అనేవాళ్ళం. ప్రతి బుధవారం మేడెక్కి, వేలు తడిపి గాలిలో పెట్టి, దిగొచ్చి రాసేవాడు. చూపు ఆనడం లేదని మానేశాడు. ఆయన బల్ల నాకిచ్చారు. సొరుగులో ఆటుపోట్ల పట్టికలు, దారం కట్టిన థర్మామీటరు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం ఉన్నాయి. బిస్కెట్లు పారేశాను.

అరపేజీ శీర్షికే గాని పని తక్కువేమీ కాదు. గాలి ఎటుంది, నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయి, ఏ చేప ఏ లోతులో పడుతోంది, ఏ ఎర పట్టుకుంటోంది, ఇవన్నీ తొమ్మిది రేవుల నుంచి తెప్పించుకుని రాయాలి. పడవలవాళ్ళు అది చదివే డీజిలు పోసుకుంటారు. మత్స్యశాఖ ఆఫీసులో ఆ ముక్క కత్తిరించి ఫైల్లో అంటిస్తారట. మీ రేవు నుంచి మాత్రం ఎవరూ ఏమీ పంపరు. భూమి చివర ముక్కులా పొడుచుకొచ్చి, రెండు వైపులా నీళ్ళు పెట్టుకుని, అంత మంచి రాతి దిబ్బలు మీ ముందే ఉంచుకుని, నోరు మెదపరు. ఇక నుంచి నువ్వు రాయాలి. వారం వారం.

నాన్నలా రాయకు మరి. బుట్టలు నిండిన రోజు మొహం వేలాడేసుకుని గట్టెక్కి, "ఏమీ లేదు, నీళ్ళు తోడుకొచ్చాం" అనేవాడు. ఆ మాట చెవిన పడగానే అమ్మ కత్తి నూరుకోవడం మొదలుపెట్టేది. నిజంగా ఖాళీగా వచ్చిన రోజు ఈల వేసుకుంటూ వచ్చేవాడు, పక్కవాళ్ళు మర్నాడు ఆ చోటికే పోయి అలసిపోవాలని. నీకూ ఆ రక్తమే. పోయిన ఏడాది ఇదే రోజుల్లో నువ్వు "దిబ్బలు ఖాళీ" అని రాసిన వారమే నీ పడవ అంచుల దాకా మునిగి వచ్చిందని ఐస్ లారీ డ్రైవర్ చెప్పాడు. మీ బావ ఆ మాట విని పొట్ట పట్టుకుని నవ్వారు.

మీ బావ బాగానే ఉన్నారు. వడ్రంగం పని లేనప్పుడు తను చేసుకున్న పడవేసుకుని గాలాలకి పోతున్నారు. పట్నం రేవులో చేప పలచగా ఉంది. మరదలిని అడిగానని చెప్పు.

నీ అక్క


మే 15

అక్కా,

నీ ఉత్తరం అందింది. సంతోషం. నీ మరదలు నీ పేజీ కత్తిరించి అద్దం పక్కన అంటించింది. నా ఫొటో అయినా ఎప్పుడూ అంటించలేదు.

రేవు సంగతి రాయమన్నావు. రాస్తున్నాను. ఏమీ లేదు. ఈ నెలలో నీళ్ళు ఇరవై ఆరు డిగ్రీలుండాలి, ముప్ఫై దాటాయి. చెయ్యి పెడితే స్నానానికి కాచినట్టుంది. రంగు టీ డికాక్షన్ రంగు. కవళ్ళ చేపల గుంపులు రాలేదు, కవళ్ళు రాలేదు కాబట్టి వాటిని తినే వంజరం రాలేదు. పక్షులు కూడా ఊరు ఖాళీ చేశాయి. వల లాగితే బరువుగా వస్తుంది, తీరా చూస్తే అంతా జెల్లీ చేపలే. వాటిని దులపడానికే సగం రోజు పోతోంది. మూగన్న చేతులు మోచేతుల దాకా బొబ్బలెక్కాయి. నా పడవలో పనిచేసే ఆయనే, నోరు ముయ్యడు కాబట్టి మూగన్న అని పేరు. వారం నుంచి నిజంగానే మాట్లాడటం లేదు.

నీతో ఒక పని ఉంది. దక్షిణపు అఖాతంలో మాకు వేట నిషేధమని నీకు తెలుసు. అక్కడ నీళ్ళు చల్లగా ఉన్నాయి, చేప అక్కడ చేరింది. దిబ్బల మీద చేప లేదని తేలితే ఈ ఒక్క ఏడాదికి అఖాతం మాకు తెరుస్తామని మత్స్యశాఖ ఆఫీసరు అన్నాడు. ఎలా తేలుతుంది సార్ అంటే, "పత్రికలో మూడు వారాలు వరసగా రానివ్వండి, చూద్దాం" అన్నాడు. పత్రిక అంటే నువ్వే. పందొమ్మిది పడవలు నీ అరపేజీ వైపు చూస్తున్నాయి.

జూలై ఆఖరుకి ఐస్ మిషన్ ఆపేస్తానంటున్నాడు దాని యజమాని. ఐస్ లేకపోతే రేవు లేదు. రేవు లేకపోతే ఈ పడవ తీసుకుని నేనెక్కడికి పోవాలి? ఉన్నది ఉన్నట్టు వెయ్యి అక్కా.

తమ్ముడు


మే 23

ఒరేయ్ గడుగ్గాయీ,

నీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ చదువుతూ పైకే నవ్వేశాను. నాన్న కంటే రెండాకులు ఎక్కువే చదివావు. ఆయన దిబ్బలు దాచుకోవడానికి మాత్రమే అబద్ధమాడేవాడు. నువ్వు దిబ్బలూ దాచుకుని, అఖాతం కూడా కొట్టేద్దామనుకుంటున్నావు. అందులో నన్ను సాక్షి సంతకం పెట్టమంటున్నావు. పక్షులు ఊరు ఖాళీ చేశాయట! ఎక్కడ నేర్చావురా ఈ రాతలు?

చూడు, బల్ల దగ్గర కూర్చున్నప్పుడు నేను అక్కను కాను. అఖాతంలో గుడ్లు పెట్టే చేపని నీ కోసం పట్టించి పెట్టలేను. నీ మాటని నాన్న మాట చదివినట్టే చదువుకున్నాను. ఈ వారం పేజీలో ఇలా వేశాను:

"రాతి దిబ్బలు: నీళ్ళు వెచ్చన. గాలి నెమ్మది. స్థానికులు పెదవి విరుస్తున్నా, వేట ఆశాజనకంగా ఉన్నట్టు తెలుస్తోంది. పన్నెండు బారల లోతులో బతికున్న ఎరతో ప్రయత్నించవచ్చు."

"పెదవి విరుస్తున్నా" అన్నది నీకోసం వేసిన ముక్క. కోపం తెచ్చుకోకు. ఫోను ఎందుకు మోగడం లేదు మీ రేవులో? మూడుసార్లు చేశాను.

మీ బావకి వారం నుంచి గాలానికి తగిలింది తక్కువే. నీ ఉత్తరం ఆయన కూడా చదివి, "పాపం, నిజంగానే ఏమీ లేదేమో" అన్నారు. ఆయనకేం తెలుసు మన వంశం సంగతి.

నీ అక్క


జూన్ 1

అక్కా,

ఏప్రిల్ గాలివానకి ఫోను తీగ తెగింది, ఇంకా కట్టలేదు. అందుకే మోగడం లేదు. కట్టి ఉంటే నీకు ఈపాటికి చెవులు చిల్లులు పడేవి.

నీ పేజీ చూసి పై రేవుల నుంచి పదకొండు పడవలు వచ్చాయి. దిబ్బల మీద మూడు రోజులు తిరిగి, ఉత్త చేతులతో వచ్చి, నా గుమ్మం ముందు నిలబడి నన్ను తిట్టి పోయారు. అందరికీ తెలుసు నువ్వు నా అక్కవని. ఉన్న మూడు రోజులూ మా ఐసే వాడేశారు.

ఆఫీసరు దగ్గరికి పందొమ్మిది మందిమీ పోయాం. ఆయన ఫైలు తెరిచి నీ ముక్క చూపించాడు. "ఆశాజనకం అని ఉంది. పైగా స్థానికులు పెదవి విరుస్తారని ముందే రాసింది" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగొచ్చేటప్పుడు లారీలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

నేను రాసింది అచ్చంగా నిజం. ఏ మాటా తిరగేసుకోవడానికి రాయలేదు. పోయిన ఏడాది అబద్ధం చెప్పాను, ఒప్పుకుంటున్నాను. ఈ ఏడాది చెప్పడానికి అబద్ధం కూడా లేదు. ఆ వార్త దిద్ది వెయ్యి. వెంటనే వెయ్యి.

తమ్ముడు


జూన్ 7

తమ్ముడూ,

నీ కోపం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుర్తుందా, ఒకసారి నాన్న వంజరం పడే చోటు నేను పొరపాటున చేపల బజారులో నోరు జారాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు సరిగ్గా ఇదే గొంతుతో, "అక్కడ ఏమీ లేదే పిచ్చిదానా" అన్నాడు. నీ ఉత్తరంలో ఆ గొంతే వినిపించింది. గుట్టు బయటపడితే మన ఇంట్లో ఇంత కోపం వస్తుందని నాకు తెలుసు.

అయినా ఆలోచించు. పదకొండు పడవలు ఊరికే వస్తాయా అంత దూరం? ఎక్కడో ఎవరికో పడే ఉంటుంది. వచ్చినవాళ్ళు ఏమీ పడలేదన్నారంటే వాళ్ళూ మనలాంటివాళ్ళే కదా, తిట్టి మరీ దాచుకుని ఉంటారు. మా ఎడిటర్ కూడా అదే అన్నాడు. ఈ వారం "దిబ్బల వైపు పడవల రద్దీ పెరిగింది" అని మాత్రం వేశాను. అది అబద్ధం కాదుగా.

లారీలో నీ పక్కన ఎవరూ కూర్చోలేదన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. అది కూడా కల్పించి రాశావా? కల్పించి ఉంటే నీకు చేతులు జోడిస్తాను.

మరదలి చేత ఒక ముక్క రాయించు. ఆమెకి మన విద్యలు రావు.

నీ అక్క


జూన్ 16

అక్కా,

నీ మరదలు రాయదు. నీ పేజీ అద్దం పక్క నుంచి చింపేసింది. క్యానింగ్ షెడ్డులో ఆమె పని పోయి పదిరోజులైంది. డబ్బాల్లో పెట్టడానికి చేప లేదు. షెడ్డు తలుపుకి తాళం వేసి, ఆడవాళ్ళందరి ఏప్రన్లు గుమ్మం ముందు కుప్పగా పోసి పోయారు, ఎవరివి వాళ్ళు వెతుక్కోమని. ఈమె తనది వెతుక్కుని ఉతికి ఇస్త్రీ చేసి పెట్టింది. ఎందుకే అంటే, "తెరిస్తే కావాలిగా" అంది.

నీకు ఎలా రాస్తే నమ్ముతావో ఆలోచించి ఆలోచించి, ఇక నా దగ్గర ఉన్నది ఒక్కటే అని తేల్చుకున్నాను.

నాన్న పోయే ముందురోజు నా చెవిలో ఒక చోటు చెప్పాడు. అమ్మకి చెప్పలేదు, నీకు చెప్పలేదు. నేను నా భార్యకి కూడా చెప్పలేదు. దిబ్బలు దాటి పడమరగా పోతూ వెనక్కి చూడాలి. దీపస్తంభం, దాని వెనక కొండ మీది నీళ్ళ ట్యాంకు ఒకదాని మీద ఒకటి నిలబడ్డట్టు కనపడాలి. అప్పుడు ఎడమ చేతి వైపు క్యానింగ్ షెడ్డు పొగగొట్టం రెండు కొండల మధ్య పల్లంలోకి వస్తుంది. ఆ రెండు గురుతులూ ఒకేసారి కుదిరిన చోట లంగరెయ్యాలి. పోయిన ఏడాది నా పడవ మునిగేలా వచ్చింది అక్కడి నుంచే. పడవలున్నవాడు ఎవడూ ఈ మాట అన్నదమ్ములకి కూడా చెప్పడు, కాగితం మీద అసలు పెట్టడు. నేను పెట్టాను. కావాలంటే నీ పేజీలో అచ్చెయ్యి.

నాలుగు రోజులు అక్కడే కూర్చున్నాను అక్కా. నాలుగు రోజులకి రెండు పీతలు.

ఇక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. మూగన్న రేవు వదిలి, ఇటుకల పనికి పోయాడు. పడవ వెనక భాగంలో రెండు పలకలు కుళ్ళాయి, నీళ్ళు వస్తున్నాయి. ఒక చేత్తో తోడుతూ ఒక చేత్తో చుక్కాని పట్టుకుని లోతు సముద్రంలోకి పోతున్నాను. ఆ లోతుకి ఈ పడవ తగినది కాదని నాకు తెలుసు.

తమ్ముడు


జూన్ 22

నాన్నా, చిన్నా,

నిన్ను ఇలా పిలిచి ఎన్నేళ్ళైందో. నీ ఉత్తరం చదివాక ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. దారిన పోయేవాళ్ళు ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగారు.

ఆ చోటు నేను అచ్చెయ్యను. ఎవరికీ చెప్పను. నువ్వు అది రాశావంటే నీకు ఇక దిక్కు తోచలేదని అర్థమైంది. అది ముందే అర్థం కావలసింది. తెలివితేటలు చూపించుకున్నాను. పందొమ్మిది ఇళ్ళ కూడు మీద నా తెలివి చూపించుకున్నాను. నీ ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

ఈ వారం పేజీ ఇది. గాలీ, ఎరా ఏమీ వెయ్యలేదు:

"రాతి దిబ్బల మీద ఏమీ లేదు. గత నాలుగు వారాల్లో ఈ శీర్షికలో దిబ్బల గురించి వచ్చిన సమాచారం తప్పు. ఆ తప్పు ఈ శీర్షిక రాసేవారిదే. దయచేసి ఎవరూ అటు వెళ్ళవద్దు."

ఎడిటర్ ఇలా వేస్తే పరువు పోతుందన్నాడు. పోనీండి అన్నాను. ఇక మూడు వారాలు వరసగా ఇదే వేస్తాను. నువ్వు మాత్రం ఆ పడవ వేసుకుని లోతుకి పోకు. నా మీద ఒట్టు. పోకు.

అక్క


జూలై 1

చిన్నా,

ఎలా రాయాలో తెలియడం లేదు.

నా పేజీ వచ్చిన రోజు ఇక్కడ పట్నం రేవులో టీ కొట్టు దగ్గర ఒకాయన దాన్ని పైకి చదివి వినిపించాడట. "ఏమీ లేదు, ఎవరూ వెళ్ళవద్దు" అనేసరికి అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారట. ఎవరో అన్నాడట, "తమ్ముడి దిబ్బలకి అక్క తలుపేస్తోంది. ఈసారి గట్టిగా పడుతున్నట్టుందిరోయ్" అని. మర్నాడు పొద్దున్నకి ఇరవై మూడు పడవలు మీ వైపు బయలుదేరాయి. నేను రేవుకి పరుగెత్తి, గట్టు మీద నిలబడి గొంతు చించుకున్నాను. అరిచేకొద్దీ వాళ్ళు తొందరపడ్డారు. ఒకాయన చెయ్యి ఊపి, "నీలాంటి అక్క అందరికీ ఉండాలమ్మా!" అన్నాడు.

ఆఫీసరు దగ్గరికీ పోయాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ వేశాడు. "సొంత తమ్ముడి రేవు గురించి మీరు రాసింది నేను ఫైల్లో ఎలా పెట్టను చెప్పండి?" అన్నాడు. "ఆశాజనకం అని రాసింది కూడా నేనే కదండీ, అదెలా పెట్టారు?" అన్నాను. అది వేరు అన్నాడు. చివరికి ఒక మాట అన్నాడు. చుట్టమైనా సరే, వేట మీద బతకని మనిషి ఎవరైనా దిబ్బల మీద చోటు చోటునా గాలం వేసి, నీటి వేడి కొలిచి, తారీఖు వేసి రాసిస్తే చూస్తానన్నాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్పుకుని ఏడుస్తుంటే మీ బావ లేచి పనిముట్ల పెట్టె సర్దడం మొదలుపెట్టారు. "నేను చేపలవాణ్ణి కాదుగా. చెక్క కొలిచినట్టు కొలిచి రాస్తాను. ఆ కుళ్ళిన పలకలు కూడా మార్చి వస్తాను" అన్నారు. గాలిమర తాత థర్మామీటరు ఇచ్చాను. కొత్త నోటుబుక్కు కొన్నారు. రేపు తన పడవలోనే బయలుదేరుతున్నారు. ఆయన పక్కన ఉంటే నీకు కాస్త ధైర్యంగా ఉంటుంది.

అక్క


జూలై 8

అక్కా,

బావ క్షేమంగా చేరాడు. నిన్ను తిట్టాలని చాలా దాచుకున్నాను గాని, ఆయన పెట్టె భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడేసరికి అన్నీ మరిచిపోయాను.

ఇక్కడ పట్నం పడవలతో కాలు పెట్టడానికి చోటు లేదు. ఇరవై మూడు పడవలకీ ఏమీ పడలేదు, అయినా పోవడం లేదు. పక్కవాడికి ఎక్కడో పడుతోందని ఒకరి మీద ఒకరు కాపలా కాస్తున్నారు. ఏ పడవ కదిలినా వెనక నాలుగు కదులుతున్నాయి.

బావ పలకలు రెండూ మార్చాడు. సందుల్లో దూది కూరి తారు పూశాడు. అది ఆరడానికి మూడు రోజులు పడుతుంది, ఈలోగా తన పడవలో ఒక్కడే పోయి లెక్క రాసుకొస్తానన్నాడు. రెండు రోజులు దిబ్బల ఇవతల తిరిగాడు. నోటుబుక్కు చూశాను. ప్రతి చోటూ, టైమూ, వేడీ, ఎదురుగా "సున్న". గీతలు స్కేలు పెట్టి గీశాడు. అన్ని సున్నలు అంత అందంగా రాసినవాణ్ణి నేను చూడలేదు. ఆ పుస్తకం చూస్తే ఎంత మొండి ఆఫీసరైనా కాదనలేడు అక్కా. నీ మరదలు రెండు నెలల తరవాత నిన్న నవ్వింది. బావ ఆమె ఏప్రన్ వేసుకుని తారు పూశాడు మరి.

రేపు అవతలి అంచు దాకా పోతాడట. అది కూడా అయితే పుస్తకం పూర్తి.

తమ్ముడు


జూలై 12

అక్కా,

ఐస్ లారీ డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను. నీ చేతికే ఇమ్మని చెప్పాను. కూర్చుని చదువు.

బావ తొమ్మిదో తారీఖు తెల్లవారుజామున వెళ్ళాడు, ఎటు తిరిగాడో ఆ చీకట్లో ఎవరికీ కనపడలేదు. ఇంకా రాలేదు. ఆ మధ్యాహ్నం గాలి లేచింది, రెండు గంటల్లో తగ్గిపోయింది. అది పెద్ద గాలి కాదు. ఇంజను ఆగి ఉంటుంది. పడవ గట్టిది, ఆయన చేసుకున్నది. మునగదు. కొట్టుకుపోతూ ఉంటుంది. మనం సరైన వైపు పోతే దొరుకుతాడు.

వెళ్ళేటప్పుడు గట్టు మీద ఇరవై ముప్ఫై మంది ఉన్నారు. ఎటు పోతున్నావన్నా అని ఎవరో అడిగారు. "తూర్పుకి. దిబ్బల చివరిదాకా పోయి సాయంత్రానికి వస్తా" అని అందరికీ వినపడేలా చెప్పాడు. ఈ గట్టు మీద ఎటు పోతున్నావంటే నిజం చెప్పినవాడు ఇంతవరకు లేడు. అంత గట్టిగా తూర్పు అన్నాడంటే వెనక ఎవరూ రాకూడదని పడమరకి పోయాడనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. నాన్న చోటు పడమరే కదా, నీకు రాసింది నువ్వు చెప్పి ఉంటావని, అది కూడా కొలవడానికి పోయాడేమో అనుకున్నాను. గస్తీ పడవ వచ్చి ఏ వైపు అని అడిగితే పడమర అని చెప్పింది నేనే. మూడు రోజుల నుంచి ముప్ఫై రెండు పడవలం పడమర జల్లెడ పడుతున్నాం. ఒక్క చెక్క ముక్క కనపడలేదు.

ఆయనతో కాపురం చేసినదానివి. నీకే తెలియాలి. తూర్పు అంటే ఆయన ఎటు పోతాడు? పడమర కాకపోతే దక్షిణమా? త్వరగా చెప్పు అక్కా. మంచినీళ్ళు ఒక్క డబ్బానే తీసుకుపోయాడు.

తమ్ముడు


జూలై 13

చిన్నా,

తూర్పు.

మీ బావకి అబద్ధం రాదు. గట్టిగా చెప్పారంటే, అవతలివాళ్ళకి వినపడాలని. అంతే. ఆయన మన ఇంట్లో పుట్టలేదు, గట్టు మీద పెరగలేదు. ఎవరైనా ఎటు అని అడిగితే చెప్పాలనే ఆయనకి తెలుసు. నాన్న చోటు నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పనని నీకు రాశాను, చెప్పలేదు. తూర్పుకే పోయారు. ఆ గాలికి ఇంకా తూర్పుకే కొట్టుకుపోయి ఉంటారు.

మీ ఫోను ఇంకా మోగడం లేదు, లారీ తిరిగి బయలుదేరేది ఎల్లుండి. పత్రికల వ్యాను రేపు తెల్లారేసరికి మీ రేవులో ఉంటుంది. అందుకని ఈ ఉత్తరం వ్యాను డ్రైవర్ చేతికిస్తున్నాను. దాంతోపాటు అచ్చు మిషన్ ఆపించి, నా అరపేజీలో ఉన్నదంతా తీయించి, పెద్ద అక్షరాలతో ఇది వేయించాను: "పడవ తప్పిపోయింది. తూర్పున వెతకండి. పడమర వద్దు." గస్తీ పడవవాళ్ళయినా చూస్తారని.

అచ్చు కూర్చేవాడు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. పాతికేళ్ళ నుంచి పనిచేస్తున్నాడు, మంచివాడు, వాళ్ళ నాన్నకీ పడవ ఉండేది. నా దగ్గరకొచ్చి, ఎవరూ వినకుండా, ఎంతో దయగా అడిగాడు, "అంటే పడమరేనా అమ్మా?" అని.

చొక్కా పట్టుకుని ఊపేశాను వాణ్ణి. తరవాత కాళ్ళు పట్టుకోబోయాను. వాడు హడలిపోయి, "తూర్పే, తూర్పే" అన్నాడు. నమ్మి అన్నాడో, నేను ఏడుస్తున్నానని అన్నాడో తెలియదు.

నేను బస్సెక్కుతున్నాను. రేపు సాయంత్రానికి గాని చేరను. పొద్దున్నే గట్టు మీద పేపరు విప్పి చదువుతారు, కళ్ళెగరేసుకుంటారు, ఇంజన్లు తిప్పి మళ్ళీ పడమరకే పోతారు. నాకు కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది. వాళ్ళ తప్పేముంది.

ఎవరూ రాకపోతే నీ ఒక్క పడవే తియ్యి. ఆయన మార్చిన పలకల మీద తారు ఈపాటికి బాగా ఆరి ఉంటుంది. నువ్వైనా తూర్పుకి పో.

అక్క